కోతకు ముందు గంటా, కోత తర్వాత వారమా: ఆపరేషన్లలో నివారణ యాంటీబయాటిక్‌ను ఎంచుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి డిశ్చార్జ్ కాగితాలు తీసి చూస్తే, తరచుగా కనిపించే యాంటీబయాటిక్‌ల వరుస ఇలా ఉంటుంది: సెఫ్ట్రయాక్సోన్ ఒక గ్రాము రోజుకు రెండుసార్లు ఐదు రోజులు, దానితోపాటు మెట్రోనిడజోల్ మూడు పూటలా, అమికాసిన్ రెండు పూటలా, ఇంటికి వెళ్ళేటప్పుడు సెఫిగ్జిమ్ మాత్రలు మరో ఐదు రోజులకు. అదే ఆపరేషన్‌కు, యాంటీబయాటిక్ అవసరమని తేల్చిన తర్వాత కూడా, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలను పాటించే ఆసుపత్రిలో కేస్ షీట్ మీద ఉండేది ఒక్క వాక్యమే: సెఫజోలిన్ 2 గ్రాములు, నరానికి, కోతకు ముందు, ఒక్క డోసు. ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకోవాలి, ఏ సందర్భంలో మినహాయింపు ఇవ్వాలి అనే విషయాలను పోల్చి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. యాభై పడకల ఆసుపత్రిని నడిపే సర్జన్లను, మత్తు డాక్టర్లను, థియేటర్ సిస్టర్లను ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అయితే మంచం పక్కన కూర్చునే కుటుంబ సభ్యులకు కూడా ఇందులో తెలుసుకోవలసినవి ఉన్నాయి.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. నివారణ యాంటీబయాటిక్ విషయంలో ఫలితాన్ని నిర్ణయించేది ఏ మందు ఎన్ని రోజులు వాడారన్నది కాదు, కోత పడే క్షణానికి తగినంత మందు ఆ కండలోకి, ఆ కొవ్వులోకి చేరి ఉందా లేదా అన్నదే. మనం ఖర్చు చేస్తున్న డబ్బు, శ్రద్ధ, సిస్టర్ల సమయం దాదాపు అంతా కోత తర్వాతి వారం మీదే పోతున్నాయి. కోతకు ముందరి గంట మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోతోంది.

అసలు అవసరమా, అనవసరమా

నివారణ వేరు, చికిత్స వేరు. పేగు చిల్లుపడి కడుపులో చీము నిండిన రోగికి ఇచ్చే మందు చికిత్స. దాని లెక్క వేరు. ఇన్ఫెక్షన్ ఏదీ లేని మనిషికి, ఆపరేషన్ గాయంలో చీము పట్టకుండా ముందుగా ఇచ్చేది నివారణ. ఈ వ్యాసం ఆ రెండోదాని గురించే.

శుభ్రమైన ఆపరేషన్లలో, అంటే పేగు, పిత్తనాళం, మూత్రమార్గం, శ్వాసమార్గం, జననమార్గం ఏదీ తెరవకుండా, శరీరంలో కృత్రిమ వస్తువేదీ అమర్చకుండా చేసే వాటిలో, చాలా వాటికి యాంటీబయాటిక్ అవసరమే లేదు. చర్మం కింద కొవ్వుగడ్డ తీయడం, మామూలు థైరాయిడ్ ఆపరేషన్ ఈ కోవలోవి. పిత్తాశయంలో రాళ్ళకు లాప్రోస్కోపీ ద్వారా, ముందుగా తేదీ నిర్ణయించుకుని చేసే ఆపరేషన్‌లో కూడా, రోగికి కామెర్లు, పిత్తాశయ వాపు, షుగరు, వృద్ధాప్యం వంటివి లేకపోతే, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్ద తేడా ఉండదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. జాలీ (మెష్) వేసే హెర్నియా విషయంలో 2018లో వెలువడిన అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు ఒక ఆచరణాత్మకమైన గీత గీశాయి: గాయాల్లో ఇన్ఫెక్షన్ రేటు తక్కువగా ఉన్న ఆసుపత్రిలో, సాధారణ ఆరోగ్యం ఉన్న రోగికి అవసరం లేదు; ఆ రేటు ఐదు శాతం దాటిన చోట ఇవ్వాలి.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. మన ఆసుపత్రిలో ఆ రేటు ఎంతో మనకు తెలుసా? డిశ్చార్జ్ అయిన రోగి గాయానికి ఇంటి దగ్గర ఏమైందో లెక్క రాసుకునే అలవాటు లేని చోట, ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. జవాబు లేనంతకాలం జాలీ హెర్నియాకు ఒక్క డోసు ఇవ్వడమే మంచిదని నా సలహా. ఆ లోపు లెక్క రాయడం మొదలుపెట్టాలి.

మందు తప్పక ఇవ్వవలసిన ఆపరేషన్లు కూడా స్పష్టంగానే ఉన్నాయి. సిజేరియన్, గర్భసంచి తొలగింపు, పేగు ఆపరేషన్లు, అపెండిక్స్, మోకీలు లేదా తుంటి మార్పిడి, విరిగిన ఎముకకు ప్లేటు లేదా రాడ్ వేయడం, గుండె ఆపరేషన్లు వంటి వాటిలో నివారణ డోసు వల్ల ప్రయోజనం ఉందన్నది గట్టిగా రుజువైన విషయం. ఇందులో సిజేరియన్ సంఖ్యాపరంగా మనకు అన్నిటికంటే ముఖ్యమైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42 శాతం పైగా సిజేరియన్లే. ఈ ఒక్క ఆపరేషన్‌లో పద్ధతి సరిచేసుకున్నా, రెండు జిల్లాల్లోనూ వాడే యాంటీబయాటిక్ పరిమాణం కళ్ళకు కనబడేంతగా తగ్గుతుంది.

వార్డులో ఇవ్వడమా, బల్ల మీద ఇవ్వడమా

సమయం గురించి వైద్యశాస్త్రానికి 1961 నుంచే తెలుసు. ఆ సంవత్సరం జాన్ బర్క్ అనే అమెరికన్ సర్జన్ గినీ పందుల చర్మంలోకి స్టెఫిలోకాకస్ బాక్టీరియాను ఎక్కించి, వేర్వేరు సమయాల్లో యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. బాక్టీరియా చేరేసరికే మందు కణజాలంలో ఉంటే గాయం తేలికగా మానింది; మూడు గంటలు ఆలస్యంగా ఇస్తే, ఇవ్వనట్టే అయింది. 1992లో క్లాసెన్ బృందం 2,847 మంది రోగుల మీద ప్రచురించిన అధ్యయనం అదే విషయాన్ని మనుషుల్లో చూపింది. కోతకు ముందు రెండు గంటల లోపు మందు అందినవారిలో 0.6 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ వచ్చింది. అంతకంటే ముందే ఇచ్చేసినవారిలో 3.8 శాతం మందికి, కోత పడిన మూడు గంటల తర్వాత మొదలుపెట్టినవారిలో 3.3 శాతం మందికి వచ్చింది. అంటే మరీ ముందుగా ఇవ్వడమూ, ఆలస్యంగా ఇవ్వడమూ దాదాపు ఒకే నష్టాన్ని కలిగించాయి. కుట్లు వేశాక వార్డులో ఇంజెక్షన్ మొదలుపెట్టడం అచ్చంగా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 120 నిమిషాల లోపు అంటుంది. అమెరికాలోని ఫార్మసిస్టుల, అంటువ్యాధి నిపుణుల, సర్జన్ల సంఘాలు కలిసి 2013లో ఇచ్చిన మార్గదర్శకం 60 నిమిషాల లోపు అంటుంది. సెఫజోలిన్ రక్తంలో సగానికి తగ్గడానికి రెండు గంటలు కూడా పట్టదు కాబట్టి, ఈ మందు విషయంలో అరవై నిమిషాల గీతనే పాటించాలని నేను గట్టిగా చెబుతాను.

ఆచరణలో పొరపాటు ఎక్కడ జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఉదయం ఏడు గంటలకు నైట్ డ్యూటీ సిస్టర్ దిగిపోయే ముందు, ఆ రోజు లిస్టులో ఉన్న నలుగురికీ వార్డులోనే ఇంజెక్షన్ చేసి, కేస్ షీట్‌లో టిక్ పెట్టేస్తారు. మొదటి కేసు ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. మధ్యలో టెక్కలి వైపు నుంచో రాజాం వైపు నుంచో అత్యవసర సిజేరియన్ ఒకటి వచ్చి చేరుతుంది. నాలుగో రోగికి కోత పడేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటుతుంది. కాగితం మీద ఆయనకు మందు అందింది; ఒంట్లో మాత్రం దాదాపు లేదు. ఈ పొరపాటులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు, పద్ధతిలోనే లోపం ఉంది. అందుకే వార్డులో ఇవ్వడం కంటే థియేటర్ బల్ల మీద మత్తు డాక్టరు ఇవ్వడమే మేలైన ఎంపిక. వెన్నులో మత్తు ఇచ్చి, రోగిని పడుకోబెట్టి, చర్మం శుభ్రం చేసి, గుడ్డలు పరిచే లోపు పదిహేను ఇరవై నిమిషాలు ఎలాగూ గడుస్తాయి. సెఫజోలిన్‌ను నరంలోకి మూడు నుంచి ఐదు నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కించవచ్చు కనుక, ఆ వ్యవధి సరిపోతుంది. కాలికి, చేతికి రక్తం పారకుండా ఆపే పట్టీ (టూర్నికే) బిగించే ఆపరేషన్లలో మాత్రం, బిగించక ముందే మందు పూర్తిగా ఎక్కి ఉండాలి.

సిజేరియన్‌లో ఒక పాత అలవాటు ఇంకా కొనసాగుతోంది. బిడ్డకు మందు చేరుతుందన్న భయంతో, బొడ్డుతాడు బిగించిన తర్వాతే తల్లికి యాంటీబయాటిక్ ఇచ్చేవారు. కోతకు ముందే ఇస్తే తల్లికి గర్భసంచి ఇన్ఫెక్షన్ తగ్గుతుందనీ, బిడ్డకు హాని పెరగదనీ తేలిన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కోతకు ముందే ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఈ రెండింటిలో ఎంచుకోవడానికి ఇక సందేహం అక్కరలేదు.

సెఫజోలిన్, సెఫ్ట్రయాక్సోన్: ఏది ఎందుకు

మన ప్రాంతంలో సెఫ్ట్రయాక్సోన్ దాదాపు ప్రతి మందుల దుకాణంలోనూ దొరుకుతుంది, ప్రతి సిస్టర్‌కూ దాన్ని కలపడం అలవాటైన పని. సెఫజోలిన్ పేరు చెబితే కొన్ని చోట్ల ఆర్డరు పెట్టి తెప్పించాలంటారు. కొత్త మందు కాబట్టి సెఫ్ట్రయాక్సోన్ బలమైనదనీ, పాత మందు కాబట్టి సెఫజోలిన్ బలహీనమైనదనీ అనుకోవడం సహజమే కానీ, ఈ పనికి అది సరికాదు. చర్మం కోసినప్పుడు గాయంలోకి ప్రధానంగా చేరేవి చర్మం మీద నివసించే స్టెఫిలోకాకస్ జాతి బాక్టీరియా. మందుకు లొంగే రకం స్టెఫిలోకాకస్ మీద, సెఫలోస్పోరిన్‌లు అనే మందుల కుటుంబంలో మొదటి తరానికి చెందిన సెఫజోలిన్ పనితీరు, మూడో తరానికి చెందిన సెఫ్ట్రయాక్సోన్ పనితీరు కంటే మెరుగు. తరం పెరిగేకొద్దీ ఈ మందులకు పేగు బాక్టీరియా మీద పట్టు పెరిగింది, చర్మ బాక్టీరియా మీద తగ్గింది.

సెఫ్ట్రయాక్సోన్‌కు ఉన్న అనుకూలతను కూడా చెప్పాలి. అది రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది కనుక, సుదీర్ఘమైన ఆపరేషన్లలో కూడా సాధారణంగా రెండో డోసు గురించి ఆలోచించనక్కరలేదు. పిత్తాశయం, పెద్దపేగు ఆపరేషన్లలో ప్రత్యామ్నాయంగా దాన్ని మార్గదర్శకాలు కూడా అనుమతిస్తాయి. సెఫజోలిన్ వాడితే ఆపరేషన్ నాలుగు గంటలు దాటినప్పుడు, లేదా రక్తస్రావం లీటరున్నర మించినప్పుడు, మరో డోసు ఇవ్వాలి. జిల్లా స్థాయిలో జరిగే ఆపరేషన్లలో అధిక భాగం రెండు గంటల లోపే ముగుస్తాయి కనుక ఆ ఇబ్బంది అరుదుగానే ఎదురవుతుంది.

అసలైన తేడా గాయానికి బయట ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలు చేసినప్పుడు, సెఫజోలిన్‌ను అందరికీ అందుబాటులో ఉండవలసిన మందుల్లోనూ, సెఫ్ట్రయాక్సోన్‌ను జాగ్రత్తగా కనిపెట్టి వాడవలసిన మందుల్లోనూ చేర్చింది. మన దేశంలో మందుల అమ్మకాన్ని నియంత్రించడానికి 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలులో సెఫ్ట్రయాక్సోన్, సెఫిగ్జిమ్ రెండూ ఉన్నాయి. వాటిని అమ్మే దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మోతాదు రిజిస్టరులో రాయాలి. టైఫాయిడ్‌కు, మెదడు పొరల వాపుకు మనం ఆధారపడే మందు సెఫ్ట్రయాక్సోనే. భారత వైద్య పరిశోధన మండలి ఏటా వెలువరించే నివేదికల్లో, ఆసుపత్రి రోగుల నుంచి తీసిన ఇ. కోలై బాక్టీరియాలో చాలా భాగం ఇప్పటికే మూడో తరం సెఫలోస్పోరిన్‌లకు లొంగడం లేదని కనిపిస్తోంది. హెర్నియాకు ఐదు రోజులు ఇచ్చిన ఆ మందు గాయానికి చేసే మేలేమీ లేకపోగా, అదే రోగి పేగుల్లో లొంగని బాక్టీరియాకు చోటిస్తుంది. రేపు జ్వరంతో అదే ఆసుపత్రికి వచ్చే పసిబిడ్డకు అవసరమైన మందును మనం ఇవాళ అరగదీస్తున్నాం.

మత్తు డాక్టర్ల దృష్టికి ఒక చిన్న విషయం. వెన్ను మత్తుకు ముందు ఎక్కించే రింగర్ లాక్టేట్ సెలైన్‌లో కాల్షియం ఉంటుంది. సెఫ్ట్రయాక్సోన్‌ను ఆ సీసాలో కలపకూడదు, అదే గొట్టంలో ఏకకాలంలో పోనివ్వకూడదు. రెండూ కలిస్తే గడ్డకట్టే అవకాశం ఉంది. సెఫజోలిన్‌తో ఈ సమస్య లేదు.

కాబట్టి నా సలహా ఇది: సిజేరియన్, గర్భసంచి, ఎముకల ఆపరేషన్లు, జాలీ హెర్నియా, రొమ్ము ఆపరేషన్లకు పెద్దవారికి సెఫజోలిన్ 2 గ్రాములు; బరువు 120 కిలోలు, ఆపైన ఉన్నవారికి 3 గ్రాములు; పిల్లలకు కిలోకు 30 మిల్లీగ్రాములు. అపెండిక్స్, పెద్దపేగు ఆపరేషన్లకు దానికి తోడు మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు చేర్చాలి, ఎందుకంటే గాలి అక్కరలేని పేగు బాక్టీరియా మీద సెఫజోలిన్‌కు పట్టు లేదు. హెర్నియాకు, సిజేరియన్‌కు మెట్రోనిడజోల్‌ను అలవాటుగా చేర్చడానికి మాత్రం కారణమేమీ కనిపించదు. సెఫజోలిన్ ఎంతకీ దొరకని చోట సెఫూరోక్సిమ్ ఒకటిన్నర గ్రాములు తర్వాతి ఎంపిక. సెఫజోలిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే కనుక, మందుల కోసం పంపే ఇండెంటులో ఆ పేరు స్పష్టంగా రాసి అడిగే హక్కు ప్రభుత్వ ఆసుపత్రికి ఉంది.

మందుకు లొంగని స్టెఫిలోకాకస్ గురించి భయపడి అందరికీ వాంకోమైసిన్ మొదలుపెట్టడం మరో తప్పు దారి. లొంగే రకం మీద అది సెఫజోలిన్ కంటే తక్కువగా పనిచేస్తుంది. పైగా గంటకు తక్కువ కాకుండా నెమ్మదిగా ఎక్కించాలి, లేకపోతే ఒళ్ళు ఎర్రబడి రక్తపోటు పడిపోతుంది. ఆ బాక్టీరియా ఉన్నట్టు పరీక్షలో తేలిన రోగికి, ప్రధానంగా కీళ్ళ మార్పిడి, గుండె ఆపరేషన్లలో, వాంకోమైసిన్‌ను దాచి ఉంచాలి.

ఒక్క డోసా, ఐదు రోజులా

ఇదే అసలు తగాదా ఉన్న చోటు. 2020లో లాన్సెట్ సంస్థ అంటువ్యాధుల పత్రికలో ప్రచురితమైన విశ్లేషణ 52 యాదృచ్ఛిక (రోగులను చీటీ తీసినట్టు విభజించి చేసే) ప్రయోగాలను, 19,273 మంది రోగులను కలిపి చూసింది. ఆపరేషన్ ముగిశాక నివారణ మందును కొనసాగించడం వల్ల, వెంటనే ఆపేయడం కంటే గాయం ఇన్ఫెక్షన్లు తగ్గుతాయనడానికి నికరమైన ఆధారం దానికి దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకం ఆపరేషన్ పూర్తయ్యాక కొనసాగించవద్దని చెప్పింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2017లో, గాయంలోని ద్రవాన్ని బయటికి పంపే డ్రెయిన్ గొట్టం ఉన్నాసరే, కుట్లు పడ్డాక మరో డోసు వద్దని చెప్పింది. డ్రెయిన్ ఉన్నంతకాలం యాంటీబయాటిక్ సాగించాలన్న మాట మన వార్డుల్లో నియమంలా నిలిచిపోయింది కనుక ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి.

సర్జన్లు చెప్పే కారణాలను తేలికగా తీసిపారేయలేము. "మా రోగి సీతంపేట ఏజెన్సీ నుంచి వస్తాడు, మందస కొండల నుంచి వస్తాడు, చీము పడితే మళ్ళీ రాలేడు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అందుకే ముందుజాగ్రత్తగా ఐదు రోజులు రాస్తాను" అనే మాటలో రోగి మీద నిజమైన శ్రద్ధ ఉంది. దూరం నిజమే. కానీ ఐదు రోజుల మాత్రలు ఆ దూరాన్ని తగ్గించవు. చీము పట్టే గాయం చాలాసార్లు ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య బయటపడుతుంది. మాత్రలు అప్పటికి ఆ గాయాన్ని ఆపి ఉండవు, మహా అయితే జ్వరాన్ని కొంత కప్పిపెట్టి రాకను ఇంకా ఆలస్యం చేయవచ్చు. ఆ దూరానికి పనికొచ్చేది గాయాన్ని చూసే మనిషి. గ్రామంలోని హెల్త్ క్లినిక్ సిబ్బందికో, ఏఎన్ఎమ్‌కో, ఆశా కార్యకర్తకో ఐదో రోజున ఒకసారి గాయం చూసి ఫోను చేయమని డిశ్చార్జ్ కాగితం మీద రాయడం, కుట్లు విప్పడాన్ని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏర్పాటు చేయడం, ఇవి సెఫిగ్జిమ్ పట్టీ కంటే ఎక్కువ రక్షణ ఇస్తాయి.

రెండో కారణం థియేటర్ మీద నమ్మకం లేకపోవడం. మా థియేటర్‌లో గాలి శుద్ధి వసతి లేదు, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ పాతది, అందుకే మందు ఎక్కువ ఇస్తామంటారు. ఆటోక్లేవ్ లోపాన్ని ఏ సెఫలోస్పోరిన్ కూడా పూడ్చలేదు. ఆ ఐదు రోజుల మందుకయ్యే ఖర్చులో కొంత భాగాన్ని ఆటోక్లేవ్ సూచిక పట్టీలకూ, చర్మం శుభ్రం చేసే ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌కూ, రేజరు బ్లేడుకు బదులు వెంట్రుకలు కత్తిరించే క్లిప్పర్‌కూ మళ్ళిస్తే, గాయాల పరిస్థితి నిజంగా మారుతుంది. ఆపరేషన్ ముందురోజు రాత్రి బ్లేడుతో గీయడం వల్ల చర్మం మీద కంటికి కనబడని గాట్లు పడి, బాక్టీరియాకు అవే దారులవుతాయి. ఆపరేషన్ సమయంలో రోగి ఒళ్ళు చల్లబడకుండా చూడటం, షుగరును అదుపులో ఉంచడం కూడా ఈ లెక్కలోవే.

మూడో కారణం గురించి ఎవరూ బయటికి మాట్లాడరు: మందు ఆపేస్తే బంధువులు ఏమనుకుంటారో అన్న బెరుకు. "ఆపరేషనైతే సేసినారు గానీ సూదులేటీ ఎయ్యడం నేదు బాబూ, పుండు పాడైపోదా?" అని మంచం పక్కన పెద్దావిడ అడిగినప్పుడు, ఆమెకు రెండు నిమిషాలు కూర్చుని చెప్పడం కంటే ఐదు రోజుల ఇంజెక్షన్ రాసేయడం సులువుగా తోస్తుంది. "మందు కోత కోయక ముందే ఇచ్చేశామమ్మా, అది పని చేసేది అప్పుడే, ఇప్పుడు గాయం మూసుకుంది, దాన్ని తడవకుండా చూసుకోండి, ఎర్రబడినా నీరు కారినా వెంటనే చెప్పండి" అని చెబితే, నేను చూసినంతవరకు ఆ కుటుంబాలు అర్థం చేసుకున్నాయి. మందు తగ్గించినందుకు కోపం తెచ్చుకున్నవారి కంటే, విషయం చెప్పనందుకు కోపం తెచ్చుకున్నవారే ఎక్కువ.

ఉద్దానం రోగి విషయంలో

మన శ్రీకాకుళం జిల్లాకు మాత్రమే వర్తించే కారణం ఒకటుంది. ఈ వ్యాసం రాయడానికి ప్రధాన ప్రేరణ కూడా అదే. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో కారణం ఇంతవరకు పూర్తిగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కొన్ని దశాబ్దాలుగా కుటుంబాలను తినేస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయంటే సమస్య ఎంతటిదో తెలుస్తుంది. ఈ వ్యాధి తొలి దశల్లో ఏ లక్షణమూ చూపదు. కొబ్బరి తోటలో పని చేసుకుంటూ ఆరోగ్యంగా కనిపించే నలభై ఏళ్ళ మనిషి హెర్నియాకు వచ్చినప్పుడు, ఆయన కిడ్నీలు అప్పటికే సగం పని మానేసి ఉండవచ్చు.

అటువంటి మనిషికి ఐదు రోజుల అమికాసిన్ లేదా జెంటామైసిన్ రాయడం, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ రెండు పూటలా దానికి జత చేయడం, ఆపరేషన్ రోజు నోటికి నీళ్ళు ఇవ్వకుండా ఉంచడం, కిడ్నీల మీద భారం మోపే ఈ మూడూ ఒకే కేస్ షీట్‌లో కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 79,058 ఆపరేషన్లను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, నివారణ మందును ఒక రోజుకు మించి సాగించినకొద్దీ గాయం ఇన్ఫెక్షన్లు తగ్గలేదు, కిడ్నీ దెబ్బతినడం మాత్రం పెరుగుతూ పోయింది. ఒక రోజు లోపే ఆపినవారితో పోలిస్తే, మూడు రోజులు దాటిన వర్గంలో ఆ ముప్పు నిష్పత్తి 1.79కి చేరింది. అక్కడివారి కిడ్నీలకే అలా అయితే, ఉద్దానం మనిషికి ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఆ మండలాల నుంచి వచ్చే ప్రతి రోగికీ, వయసుతో నిమిత్తం లేకుండా, ఆపరేషన్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి. నివారణకు అమికాసిన్‌ను పూర్తిగా మానేయాలి. సెఫజోలిన్ ఒక్క డోసుకు కిడ్నీ రోగిలో కూడా మోతాదు తగ్గించవలసిన పని లేదు. ఒక్క డోసు పద్ధతికి ఇంతకంటే బలమైన వాదన నాకు కనబడదు.

అలర్జీ, టెస్ట్ డోసు

పెన్సిలిన్ పడదని రోగి చెప్పగానే సెఫజోలిన్‌ను పక్కన పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ. సెఫజోలిన్ అణువులోని పక్క గొలుసు పెన్సిలిన్‌లలో దేనితోనూ పోలదు కనుక, రెండింటికీ కలిపి అలర్జీ రావడం చాలా అరుదు. ఎప్పుడో చిన్నప్పుడు దద్దురు వచ్చిందని చెప్పేవారికి సెఫజోలిన్ ఇవ్వవచ్చు. పెన్సిలిన్ తీసుకున్న వెంటనే ఊపిరి ఆడక స్పృహ తప్పిన చరిత్ర ఉన్నా, ఒళ్ళంతా చర్మం ఊడిపోయిన చరిత్ర ఉన్నా, మత్తు డాక్టరు విడిగా ఆలోచించి క్లిండమైసిన్ 900 మిల్లీగ్రాములు వంటి ప్రత్యామ్నాయం ఎంచుకోవాలి.

ముంజేతి మీద చిన్న బుడగలా సూది వేసి పావుగంట చూసే టెస్ట్ డోసు పద్ధతి సెఫలోస్పోరిన్‌లకు నమ్మదగినది కాదు. బుడగ ఉబ్బనంత మాత్రాన అలర్జీ రాదని చెప్పలేము. ఉబ్బినంత మాత్రాన వస్తుందనీ చెప్పలేము. పాత అలర్జీ వివరాలు ఓపికగా అడగడం, తీవ్రమైన అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్‌ను చేతికందే చోట ఉంచుకోవడం, మందును నెమ్మదిగా ఎక్కించడం దానికంటే మేలు.

మినహాయింపులు

అపెండిక్స్ వాచి ఉండి పగలకపోతే, ముందు డోసుతోనే సరి. పగిలి చీము చేరితే అది నివారణ పరిధి దాటి చికిత్స అవుతుంది. అప్పుడు కూడా రోజులు లెక్కలేకుండా సాగించనక్కరలేదు. 518 మంది రోగులతో 2015లో ప్రచురితమైన ప్రయోగంలో, చీమును సరిగ్గా తొలగించిన తర్వాత సుమారు నాలుగు రోజుల మందు, సుమారు ఎనిమిది రోజుల మందు ఇచ్చిన ఫలితమే ఇచ్చింది. ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన ప్రమాద కేసులో, జాతీయ రహదారి మీద నుంచి 108లో తెచ్చిన మనిషికి, థియేటర్ దాకా ఆగకుండా వచ్చిన గంటలోపే మొదటి డోసు పడాలి. కంటి శుక్లాల ఆపరేషన్‌లో పోవిడోన్ అయోడిన్ చుక్కలు, ఆపరేషన్ చివర కంటి లోపలికి ఇచ్చే యాంటీబయాటిక్ ముఖ్యం. నోటి మాత్రల కోర్సు వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు.

కుటుంబం అడగదగినవి, ఆసుపత్రి రాసుకోదగినవి

రోగి బంధువులు మందులు తమంతట తాము ఆపేయకూడదు. ఆపరేషన్ సమయంలో డాక్టరుకు చీము కనబడి ఉండవచ్చు, అప్పుడు రాసినది చికిత్స. కానీ అడగడానికి సంకోచించనక్కరలేదు. "డాక్టరు గారూ, ఈ ఇంజెక్షన్ ఇన్ఫెక్షన్ ఉందని రాశారా, రాకుండా ఉండాలని రాశారా? రాకుండా అయితే ఎప్పుడు ఆపుతారు?" అన్న ప్రశ్న మర్యాద తప్పినది కాదు. ఆపరేషన్‌కు ముందు చెప్పవలసిన విషయాలూ ఉన్నాయి: ఏ మందు పడదు, కుటుంబంలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా, షుగరు మాత్రలు వాడుతున్నారా, ఈ మధ్య మరో చోట యాంటీబయాటిక్ వాడారా. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పథకం కింద చేరిన రోగికి కూడా ఈ ప్రశ్నలు అడిగే హక్కు డబ్బు కట్టిన రోగితో సమానంగా ఉంటుంది.

ఆసుపత్రి వైపు నుంచి మార్పును మొదలుపెట్టడానికి పెద్ద కమిటీ అక్కరలేదు. ఏ ఆపరేషన్‌కు ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు, ఎవరు ఇస్తారు అన్నది ఒక్క పేజీలో రాసి, సర్జన్లందరి సంతకాలతో థియేటర్ గోడకు అంటించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, కోతకు ముందు అందరూ ఆగి చెప్పుకోవలసిన విషయాల్లో "గత అరవై నిమిషాల్లో యాంటీబయాటిక్ అందిందా" అన్నది ఇప్పటికే ఉంది; దాన్ని సిస్టర్ గొంతెత్తి అడగాలి, మత్తు డాక్టరు గడియారం చూసి సమయం చెప్పాలి. అపెండిక్స్, సిజేరియన్, హెర్నియా ఈ మూడింటితో మొదలుపెట్టి, డిశ్చార్జ్ మందుల్లో యాంటీబయాటిక్ ఉంటే దానికి కారణం ఒక్క వాక్యంలో రాయాలన్న నియమం పెట్టుకోవాలి.

దానితోపాటు ఒక రిజిస్టరు తెరవాలి. రోగి పేరు, ఫోను నంబరు, ఆపరేషన్, మందు ఇచ్చిన సమయం, కోత పడిన సమయం, పదో రోజున ఫోనులో చెప్పిన గాయం స్థితి, ముప్పయ్యో రోజున మరోసారి. జాలీ గానీ ప్లేటు గానీ వేసిన ఆపరేషన్లకు తొంభై రోజుల వరకు. ఆరు నెలల తర్వాత ఆ రిజిస్టరును ముందు పెట్టుకుని సర్జన్లు కూర్చున్నప్పుడు, జాలీ హెర్నియాకు మందు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు తమ ఆసుపత్రి జవాబేమిటో వారికి ఆ కాలమ్‌లలోనే కనబడుతుంది.